కీటో ఆహారంలో కీటోన్ల అంకె, కరిగే కొవ్వు: కొలిచే పద్ధతి, సరిదిద్దుకునే పద్ధతి

కీటో ఆహారం, అంటే పిండిపదార్థాలను బాగా తగ్గించే పద్ధతి, మొదలుపెట్టిన పాఠకులు పదే పదే అడిగే ప్రశ్నలు రెండు. మొదటిది: "రక్తంలో కీటోన్లు లీటరుకు 0.6 మిల్లీమోల్ మాత్రమే ఉన్నాయి, 2 దాటాలంటే ఏం చేయాలి?" రెండవది: "కీటోన్లు 2 దాటినా బరువు ఎందుకు తగ్గడం లేదు?" అంకె ఎంత పెరిగితే ఒంట్లో కొవ్వు అంత వేగంగా కరుగుతుందన్న నమ్మకం నుంచే ఈ రెండు ప్రశ్నలూ పుడుతున్నాయి.

కాలేయం కొవ్వును కీటోన్లుగా మార్చేటప్పుడు ఆ కొవ్వు నడుము చుట్టూ పేరుకున్నదా, లేక పొద్దున తాగిన కొబ్బరినూనె నుంచి వచ్చినదా అన్న తేడా కీటోన్లను కొలిచే మీటరుకు తెలియదు. పైగా మీటరులో కనిపించేది తయారైన కీటోన్ల మొత్తం కాదు. తయారైన వాటిలో మెదడు, గుండె, కండరాలు వాడుకోగా రక్తంలో మిగిలి ఉన్నది మాత్రమే. కాబట్టి పిండిపదార్థాలు తగినంత తగ్గాయా లేదా అన్న ప్రశ్నకు కీటోన్ల అంకె చక్కగా జవాబు చెబుతుంది. కొవ్వు ఎంత తగ్గిందన్న ప్రశ్నకు వేరే కొలతలు కావాలి. ఈ రెండింటినీ విడివిడిగా కొలిచే పద్ధతిని ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను.

1. ముందుగా ఆగి చూసుకోవలసిన వారు

ఈ భాగాన్ని దాటవేయవద్దు. కింది వారిలో ఎవరైనా వైద్యుని పర్యవేక్షణ లేకుండా కీటో మొదలుపెట్టడం ప్రమాదకరం.

- టైప్ 1 మధుమేహం ఉన్నవారు.
- ఇన్సులిన్ తీసుకునేవారు, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు వేసుకునేవారు. పిండిపదార్థాలు తగ్గిన రోజు నుంచే పాత మోతాదు ఎక్కువై, రక్తంలో చక్కెర ప్రమాదకర స్థాయికి పడిపోవచ్చు.
- డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్, కానాగ్లిఫ్లోజిన్ వేసుకునేవారు.
- గర్భిణులు, పాలిచ్చే తల్లులు.
- మూత్రపిండాల జబ్బు, తీవ్రమైన కాలేయ జబ్బు, క్లోమం వాపు, పిత్తాశయంలో రాళ్ళు ఉన్నవారు.
- రక్తపోటు మాత్రలు వాడేవారు. బరువు, శరీరంలోని నీరు తగ్గే కొద్దీ రక్తపోటు కూడా తగ్గుతుంది కనుక మోతాదు సరిచేయవలసి రావచ్చు.

మూడవ అంశాన్ని ప్రత్యేకంగా చెప్పాలి. ఆ మాత్రలు చక్కెరను మూత్రం ద్వారా బయటికి పంపుతాయి. అవి వాడుతూ కీటో చేసేవారిలో రక్తంలో చక్కెర మామూలుగానో, కొద్దిగా ఎక్కువగానో కనిపిస్తూనే కీటోఅసిడోసిస్ (కీటోన్లు విపరీతంగా పెరిగి రక్తం ఆమ్లంగా మారే ప్రమాదకర స్థితి) వచ్చే అవకాశం ఉంటుంది. గ్లూకోమీటరు చూసి అంతా బాగుందనుకునే లోపే పరిస్థితి చేయి దాటవచ్చు. చాలామందికి తాము వేసుకునే షుగర్ మాత్రలో ఏ మందు ఉందో తెలియదు. ఒకే మాత్రలో రెండు మూడు మందులు కలిసి వస్తున్నాయి కూడా. స్ట్రిప్ వెనుక మందు పేరు చదవండి, లేదా వైద్యుణ్ణి నేరుగా అడగండి.

2. మొదటి రోజుకు ముందే సిద్ధం చేసుకోవలసినవి

పరీక్షలు: పరగడుపు చక్కెర, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు చక్కెర), లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్ పరీక్ష), క్రియాటినిన్ (మూత్రపిండాల పరీక్ష), కాలేయ పరీక్ష, యూరిక్ ఆమ్లం. లిపిడ్ ప్రొఫైల్‌ను మూడు నెలల తరువాత మళ్ళీ చేయించుకోవాలి. కొందరిలో, ముఖ్యంగా అప్పటికే సన్నగా ఉన్నవారిలో, ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్ బాగా పెరుగుతుంది. మొదటి నివేదిక లేకపోతే ఆ పెరుగుదల కీటో వల్ల వచ్చిందో, ముందే ఉందో తేల్చడం కుదరదు.

కొలతలు: బరువుతో పాటు నడుము చుట్టుకొలత తప్పనిసరి. చివరి పక్కటెముకకూ, తుంటి ఎముక పై అంచుకూ సరిగ్గా మధ్యలో టేపు పెట్టి, ఊపిరి మామూలుగా వదిలిన తరువాత చూడాలి. దక్షిణాసియా ప్రజలలో పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే పొట్టలో కొవ్వు ఎక్కువగా ఉన్నట్లు లెక్క.

వస్తువులు: వంటింటి డిజిటల్ తూకం, కొలత చెంచాలు, టేపు, నోటు పుస్తకం. కీటోన్ల మీటరు కన్నా వంటింటి తూకమే ముందు కొనమని నా సలహా. కొవ్వు తగ్గని వారి సమస్య చాలాసార్లు తూకం దగ్గరే బయటపడుతుంది.

3. లెక్క వేసే వరుస: ప్రోటీన్, పిండిపదార్థాలు, చివరగా కొవ్వు

చాలామంది ఈ వరుసను తలకిందులు చేసి, రోజుకు ఇంత నూనె తాగాలన్న నియమంతో మొదలుపెడతారు. అసలు వరుస ఇది.

ముందు ప్రోటీన్. చేరాలనుకుంటున్న బరువులో ప్రతి కిలోకు 1.2 నుంచి 1.6 గ్రాములు తీసుకోవాలి. ప్రోటీన్ ఎక్కువైతే కీటోసిస్ (రక్తంలో కీటోన్లు పెరిగి ఉండే స్థితి) పోతుందన్న భయంతో దీనిని మరీ తగ్గించేవారున్నారు. వారిలో కొవ్వుతో పాటు కండ కూడా తరిగిపోతుంది. ఈ మోతాదు వరకు ఆ భయం అక్కరలేదు.

తరువాత పిండిపదార్థాలు. పీచు తీసివేయగా రోజుకు 20 నుంచి 50 గ్రాములు. మొదటి మూడు వారాలు 30 గ్రాముల లోపు ఉంచితే స్పష్టత ఉంటుంది.

చివరగా కొవ్వు. మిగిలిన కేలరీలను ఇది భర్తీ చేస్తుంది. ఇది గరిష్ఠ పరిమితి. పూర్తి చేసి తీరవలసిన లక్ష్యమేమీ కాదు.

ఒక ఉదాహరణ చూద్దాం. 80 కిలోల వ్యక్తి 68 కిలోలకు రావాలనుకుంటూ, రోజుకు 1,600 కేలరీలు నిర్ణయించుకున్నారని అనుకుందాం. ప్రోటీన్ 68 × 1.4, అంటే దాదాపు 95 గ్రాములు. దాని నుంచి 380 కేలరీలు. పిండిపదార్థాలు 30 గ్రాములు, 120 కేలరీలు. మిగిలినవి 1,100. గ్రాము కొవ్వుకు 9 కేలరీల చొప్పున 122 గ్రాముల కొవ్వు వరకు చోటు ఉంది. అయితే గుడ్లు, పనీర్, మాంసం, చేపలలో ఉన్న కొవ్వు, వంటకు వాడే నూనె, నెయ్యి, కొబ్బరి అన్నీ ఇందులోకే వస్తాయి. ఇవి కాక విడిగా 70 గ్రాముల కొబ్బరినూనె తాగితే 630 కేలరీలు అదనంగా చేరతాయి. అప్పుడు కీటోన్లు బాగా కనిపిస్తాయి, నడుము మాత్రం కదలదు.

శాకాహారులకు ప్రోటీన్ చేరుకోవడమే కష్టమైన పని. పనీర్ 100 గ్రాముల్లో దాదాపు 18 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, కానీ కొవ్వు అంతకన్నా ఎక్కువ. ఎండు మీల్ మేకర్ 30 గ్రాములు నానబెట్టి వండుకుంటే 15 గ్రాముల ప్రోటీన్, ఆరేడు గ్రాముల పిండిపదార్థం వస్తాయి. టోఫు, నీరు వడకట్టిన గట్టి పెరుగు, వే ప్రోటీన్ (పాల నుంచి తీసిన ప్రోటీన్) పొడి కలుపుకుంటేనే లెక్క కుదురుతుంది. పప్పుతో ఈ లెక్క నింపలేము. 30 గ్రాముల కందిపప్పులోనే దాదాపు 16 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది.

4. మన వంటగదిలో కంటికి కనిపించని పిండిపదార్థాలు

అన్నం మానేసిన తరువాత కూడా కీటోన్లు 0.3 దగ్గరే ఆగిపోతే, కింది జాబితాతో మీ వారం రోజుల భోజనాన్ని సరిచూసుకోండి.

- చిరుధాన్యాలు. కొర్రలు, సామలు, రాగులు ఆరోగ్యకరమైనవే కావచ్చు, కానీ కీటోకు పనికిరావు. రాగిపిండి 100 గ్రాముల్లో దాదాపు 67 గ్రాముల పిండిపదార్థం ఉంది.
- పాలు. 100 మిల్లీలీటర్లకు 5 గ్రాములు. చక్కెర లేని కాఫీ రోజుకు మూడుసార్లు తాగినా సగం కోటా అయిపోతుంది.
- కొబ్బరి చట్నీలో పుట్నాలు, మజ్జిగ పులుసులో శనగపిండి, కూర చిక్కబడడానికి వేసే జీడిపప్పు. జీడిపప్పు 100 గ్రాముల్లో 25 గ్రాములకు పైగా పిండిపదార్థం ఉంటే, బాదంలో చాలా తక్కువ.
- చింతపండు పులుసు, బెల్లం పడిన పచ్చళ్ళు.
- హోటల్ మంచూరియాలో మొక్కజొన్న పిండి, గ్రేవీలో చక్కెర.
- "షుగర్ ఫ్రీ" మిఠాయిలలో తీపి కోసం వేసే మాల్టిటాల్, దగ్గు సిరప్‌లు.
- బంగాళదుంప, చామదుంప, కంద, అరటికాయ.

బీర, సొర, పొట్ల, బెండ, దొండ, వంకాయ, కాకర, క్యాబేజీ, ఆకుకూరలన్నీ ధైర్యంగా వండుకోవచ్చు. ఉల్లిపాయ, టమాటా తూచి వేసుకోవాలి.

పీచు లెక్కలో ఒక చిక్కు ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికలలో పీచును వేరుగా చూపించి, పిండిపదార్థం అంకె నుంచి ముందే తీసివేశారు. ఆ అంకె నుంచి మళ్ళీ పీచు తీసివేస్తే లెక్క తప్పుతుంది. అమెరికాలో ఉన్నవారు కొనే ప్యాకెట్ల మీద మొత్తం పిండిపదార్థంలో పీచు కలిసి ఉంటుంది కనుక అక్కడ తీసివేయాలి. బ్రిటన్, యూరప్ ప్యాకెట్ల మీద ముందే తీసివేసి ఉంటుంది. అమెరికా అలవాటుతో లండన్‌లో లెక్కవేసే వారికి రోజుకు పది పదిహేను గ్రాముల తేడా తెలియకుండానే వస్తుంది.

5. మొదటి వారం: ఉప్పు, నీరు

శరీరంలో గ్లైకోజెన్ రూపంలో దాదాపు అర కిలో పిండిపదార్థం నిల్వ ఉంటుంది. ప్రతి గ్రాము గ్లైకోజెన్ తనతో మూడు గ్రాముల వరకు నీటిని పట్టి ఉంచుతుంది. మొదటి వారంలో తగ్గే రెండు కిలోలు ఎక్కువ భాగం ఇదే. ఆ సంతోషాన్ని కాదనను, కానీ దానిని కొవ్వు ఖాతాలో రాసుకోకండి.

ఇన్సులిన్ తగ్గడంతో మూత్రపిండాలు సోడియంను ఎక్కువగా వదిలేస్తాయి. తలనొప్పి, నీరసం, లేచి నిలబడగానే కళ్ళు తిరగడం, పిక్కలు పట్టేయడం చాలావరకు ఇందువల్లనే వస్తాయి. రక్తపోటు, గుండె, మూత్రపిండాల సమస్యలు లేనివారు మామూలు వంటకు అదనంగా అర చిన్న చెంచా నుంచి ఒక చిన్న చెంచా వరకు ఉప్పును రోజులో రెండు మూడు దఫాలుగా తీసుకోవచ్చు: పల్చటి మజ్జిగలో, నిమ్మరసం పిండిన నీటిలో, లేదా ఎముకల సూపులో. పొటాషియం మాత్రలు సొంతంగా వేసుకోవద్దు. టెల్మిసార్టాన్ వంటి బీపీ మందులు వాడేవారికి అవి గుండెకే ప్రమాదం. ఆకుకూరలు సరిపోతాయి.

రోజుకు నాలుగు లీటర్ల నీరు తాగి తీరాలన్న నియమం మన దగ్గర బాగా వ్యాపించింది. ఉప్పు తగ్గిపోతున్న సమయంలో బలవంతంగా నీరు పెంచితే నీరసం ఇంకా ఎక్కువవుతుంది. దాహాన్ని బట్టి తాగండి. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే చాలు.

6. కీటోన్లను సరిగా కొలవడం

కీటోన్లు మూడు రకాలు, సాధనాలూ మూడే. మూత్రం స్ట్రిప్ అసిటోఅసిటేట్‌ను, రక్తపు మీటరు బీటా హైడ్రాక్సీబ్యుటిరేట్‌ను, శ్వాస మీటరు అసిటోన్‌ను చూస్తాయి. కాబట్టి ఒకదాని అంకెను మరొకదానితో పోల్చకూడదు.

మూత్రం స్ట్రిప్ చవక. మొదటి రెండు మూడు వారాలకు బాగా పనికొస్తుంది. నీరు ఎక్కువ తాగితే రంగు పలచబడుతుంది, తక్కువ తాగితే ముదురుతుంది. వారాలు గడిచే కొద్దీ మూత్రంలోకి వెళ్ళే కీటోన్లు తగ్గుతాయి కనుక, రంగు పోయిందని కీటోసిస్ పోయినట్లు అనుకోకూడదు. సీసా మూత వెంటనే బిగించాలి, స్నానాల గది తేమలో ఉంచకూడదు, సీసా మీద రాసిన సెకన్లకే రంగు పోల్చాలి.

రక్తపు మీటరు నమ్మదగినది, స్ట్రిప్ ఖరీదు ఎక్కువ. దానికి వరుస ఇది:

- గ్లూకోజ్ స్ట్రిప్‌లు కీటోన్లకు పనికిరావు. కీటోన్ల స్ట్రిప్‌నే, గడువు తేదీ చూసి తీసుకోవాలి.
- చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. స్పిరిట్ రాస్తే అది కూడా ఆరాలి.
- వేలి కొన పక్క భాగంలో గుచ్చాలి, బలంగా పిండకూడదు.
- అంకెతో పాటు సమయం, చివరి భోజనం, వ్యాయామం రాసుకోవాలి.

సమయం విషయంలో పట్టుదలగా ఉండండి. చాలామందిలో ఉదయం లేవగానే అంకె తక్కువగా, సాయంత్రానికి ఎక్కువగా ఉంటుంది. వ్యాయామం తరువాత ఇంకా మారుతుంది. రాత్రి భోజనానికి ముందు, వారానికి రెండుసార్లు, అదే సమయంలో చూస్తే సరిపోతుంది. రోజుకు మూడుసార్లు గుచ్చుకున్నా అదనంగా తెలిసేదేమీ లేదు.

7. వచ్చిన అంకెను ఎలా అర్థం చేసుకోవాలి

లీటరుకు 0.5 మిల్లీమోల్ కన్నా తక్కువ: కీటోసిస్ ఇంకా రాలేదు. మొదటి మూడు నాలుగు రోజులైతే ఆగండి. వారం దాటితే 4వ భాగానికి వెళ్ళండి.

0.5 నుంచి 3.0: ఆహారం వల్ల వచ్చే కీటోసిస్ పరిధి ఇదే. 0.7 ఉన్నవారికి, 2.2 ఉన్నవారికి కొవ్వు కరిగే విషయంలో ఆ అంకెను బట్టి చెప్పగల తేడా లేదు. 0.5 దాటితే మీటరు చెప్పవలసింది చెప్పేసినట్లే.

3.0 పైన: దీర్ఘమైన ఉపవాసంలో ఆరోగ్యవంతులకూ ఇలా రావచ్చు, దానిని విజయంగా భావించవద్దు. మధుమేహం ఉన్నవారికి మాత్రం ఇది అత్యవసర స్థితి. వారిలో 1.5 దాటినప్పుడే వైద్యునికి ఫోన్ చేయాలి. 3 దాటితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

వాంతులు, కడుపునొప్పి, వేగంగా ఆయాసపడుతూ ఊపిరి తీయడం, అయోమయం కనిపిస్తే అంకె ఎంతైనా, చక్కెర ఎంతైనా ఆసుపత్రికి వెళ్ళండి. అక్కడ కీటో ఆహారం తీసుకుంటున్నామన్న సంగతి, వాడుతున్న మాత్రల పేర్లు మొదటే చెప్పాలి.

అంకె పెంచడానికి కీటోన్ లవణాల పొడులు, ఎంసీటీ నూనె (కాలేయం త్వరగా కీటోన్లుగా మార్చే కొవ్వు) కొనడం డబ్బు వృథా. బయటి నుంచి పోసిన కీటోన్లు, ఆ నూనె నుంచి తయారైన కీటోన్లు మీటరులో కనిపిస్తాయి, అంతే. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలకు చెందిన కెవిన్ హాల్ బృందం 2016లో ప్రచురించిన ప్రయోగంలో 17 మంది అధిక బరువున్న పురుషులను పరిశోధనా వార్డులో ఉంచి, కేలరీలు మార్చకుండా కీటో ఆహారానికి మార్చారు. కీటోన్లు పెరిగాయి; శరీర కొవ్వు తగ్గే వేగం మాత్రం పెరగలేదు. కీటో వల్ల బరువు తగ్గేవారు ఆకలి తగ్గి తక్కువ తినడం వల్లనే తగ్గుతున్నారని నేను గట్టిగా భావించడానికి ఇదొక కారణం.

8. కొవ్వు తగ్గుతోందో లేదో తేల్చడం

రోజూ ఉదయం మూత్ర విసర్జన తరువాత, ఏమీ తినకముందు బరువు చూసి, ఏడు రోజుల సగటు వేయండి. సగటును సగటుతోనే పోల్చాలి. మొదటి వారం సగటును పక్కన పెట్టి, రెండవ వారం నుంచి లెక్క ప్రారంభించండి. స్త్రీలు నెలసరి సమయంలో నీరు చేరడం వల్ల వచ్చే హెచ్చుతగ్గులను దృష్టిలో ఉంచుకుని, గత నెలలోని అదే వారంతో పోల్చుకోవడం మంచిది.

నడుము కొలత వారానికి ఒకసారి, అదే రోజున, అదే చోట తీసుకోవాలి. పాదాలు ఆనించి నిలబడితే కొవ్వు శాతం చూపే తూకాలను మొదటి నెలలో నమ్మవద్దు. అవి శరీరంలోని నీటిని బట్టి అంచనా వేస్తాయి, ఆ నీరే మారిపోతూ ఉంటుంది.

వారానికి శరీర బరువులో 0.5 నుంచి 1 శాతం తగ్గడం మంచి వేగం. కిలో కొవ్వులో దాదాపు 7,700 కేలరీలు ఉంటాయి కాబట్టి, రోజుకు 500 కేలరీల లోటుతో వారానికి అర కిలో దరిదాపుల్లో తగ్గుతుంది.

9. ఎక్కడ తప్పింది, ఎలా దిద్దుకోవాలి

*కీటోన్లు 1 పైన ఉన్నాయి, మూడు వారాలుగా బరువు, నడుము రెండూ కదలడం లేదు.* కేలరీలు ఎక్కువవుతున్నాయి. వారం పాటు నూనె, నెయ్యి, పనీర్, గింజలు, చీజ్ అన్నీ తూచి రాయండి. పెద్ద చెంచా నూనె 120 కేలరీలు. తాగే కొవ్వును ముందు ఆపండి, ప్రోటీన్‌ను ముట్టుకోవద్దు.

*బరువు కదలడం లేదు, నడుము తగ్గుతోంది.* ఏమీ మార్చకండి. మరో రెండు వారాలు ఇలాగే కొనసాగించండి.

*బరువు తగ్గుతోంది, కీటోన్లు 0.4 చూపిస్తున్నాయి.* కొవ్వు తగ్గడమే మీ లక్ష్యమైతే దీనిని సరిచేయవలసిన అవసరమే లేదు.

*బరువు వేగంగా పడిపోతోంది, బలం తగ్గింది, జుట్టు రాలుతోంది.* మరీ తక్కువ తింటున్నారు. ప్రోటీన్ సరిచూసి, కేలరీలు కొంత పెంచి, వారానికి రెండు మూడుసార్లు బరువులెత్తే వ్యాయామం చేయండి.

*మలబద్ధకం.* కూరగాయలు తగ్గించేశారేమో చూడండి. ఆకుకూరలు, నానబెట్టిన సబ్జా లేదా అవిసె గింజలు, ఉప్పు, నీరు సరిపడా చేర్చండి.

*పెళ్ళి భోజనంలో అన్నం తిన్నారు, మర్నాడు కిలోన్నర పెరిగింది.* అది గ్లైకోజెన్‌తో తిరిగి చేరిన నీరు. పరిహారంగా ఉపవాసాలు వద్దు. తరువాతి పూట నుంచే పాత లెక్కకు వస్తే రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది.

10. ఆపాలనుకున్నప్పుడు

ఒక్క రోజులో పాత పళ్ళెంలోకి వెళ్ళకూడదు. వారానికి 20 నుంచి 30 గ్రాముల చొప్పున పిండిపదార్థాలు పెంచుతూ, అంతే కేలరీల మేరకు కొవ్వు తగ్గించాలి. ముందు పప్పు, పెరుగు, జామ వంటి పండ్లు, తరువాత చిరుధాన్యాలు, చివరగా కొలిచిన అన్నం. మధుమేహం ఉన్నవారు ఈ వారాలలో భోజనం తరువాత చక్కెర చూసుకుంటూ, తగ్గించిన మందుల మోతాదును వైద్యునితో మళ్ళీ మాట్లాడాలి.

ఈ మార్పులో ఒకటి రెండు కిలోలు తిరిగి వస్తాయి. మొదటి వారంలో పోయిన నీరే అది. ఆ కిలోలను చూసి కంగారుపడి మళ్ళీ కీటోకు పరుగెత్తకుండా, నడుము టేపును, ఏడు రోజుల సగటును మరో ఆరు వారాలు కొనసాగించండి. నడుము రెండు సెంటీమీటర్లకు మించి పెరిగితే అప్పుడు అన్నం, నూనె మోతాదులను మళ్ళీ తూచడం మొదలుపెట్టండి.